సార్‌ని ఫోన్ చెయ్యమనండి

మా ఇంట్లో నన్ను ముట్టుకోవద్దన్న వస్తువు ఒక్కటే ఉంది. దాన్ని కొన్నది నా చీటీ డబ్బులతో.

నెలకి 5,000 చొప్పున రెండేళ్ళు కట్టిన చీటీ అది. కూరల దగ్గరా, చీరల దగ్గరా నోరు కట్టుకుని కట్టాను. మా వాడు బీటెక్ మూడో ఏడు. సెలవుల్లో పెళ్ళి వీడియోలు ఎడిటింగ్ చేసిపెట్టి నాలుగు డబ్బులు తెచ్చుకుంటున్నాడు. పాత లాప్‌టాప్ మీద ఒక్కో వీడియో బయటికి రావడానికి రాత్రంతా పడుతోందని గొడవ. సరే, పనికొచ్చే ఖర్చే కదా అని చీటీ ఎత్తి ఇచ్చాను. తండ్రీ కొడుకులిద్దరూ వెళ్ళి భాగాలన్నీ విడివిడిగా కొనుక్కొచ్చారు. ఇంటెల్ ఐ7-12700కె అని ఒక ప్రాసెసర్. దాన్ని చల్లార్చడానికి 'లిక్విడ్ కూలర్' అని ఇంకో డబ్బా, అదే 9,000 పైచిలుకు.

"ఒక చిప్పుని చల్లార్చడానికి తొమ్మిది వేలా? ఫ్యాను సరిపోదా?" అన్నాను. "అమ్మా, నీకు అర్థం కాదులే" అన్నాడు మా వాడు. మావారు తలూపారు. ఆయనకీ అర్థం కాలేదని నాకు తెలుసు. అయినా ఆయన తలూపొచ్చు, నేను అడగకూడదు. అదీ లెక్క.

బిగించడానికి షాపు నుంచి ఓ కుర్రాడొచ్చాడు. బిగింపు కూలి 800. చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని మాట్లాడుతూనే ఇరవై నిమిషాల్లో ముగించేశాడు. మా వాడు స్క్రూడ్రైవర్ అందించాడు. మావారు వెనక్కి చేతులు కట్టుకుని పర్యవేక్షించారు. నేను మజ్జిగ ఇచ్చాను. ఎంపీసీ చదివి, ఈఏపీసెట్‌కి కూర్చుంటున్న మా అమ్మాయి 'అన్నయ్యా నేనూ చూస్తా' అని వస్తే, "ముందు ఆ థర్మోకోల్ ముక్కలు ఊడ్చు" అన్నాడు వాడు. అది ఊడ్చింది. నేను చూస్తూ ఊరుకున్నాను. ఈ వ్యాసంలో నా తప్పు ఏదైనా ఉంటే మొదటిది అదే.

స్విచ్ వేశారు. ఎరుపూ నీలం దీపాలు వెలిగాయి. "అయిపోయింది సార్" అని డబ్బులు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఏం అయిపోయింది? దీపాలు వెలగడమా? ఆ డబ్బా చేయాల్సిన పని చల్లార్చడం. అది చల్లారుస్తోందా లేదా ఎవరూ చూడలేదు. కొత్త కుక్కర్ కొంటే మనం ముందు నీళ్ళు పోసి ఒక విజిల్ రానిస్తాం. సిలిండర్ వస్తే, తెచ్చినవాడు గుమ్మం దాటకముందే వాషర్ చూసి, సబ్బు నీళ్ళు రాసి బుడగలొస్తాయేమో చూస్తాం. బిందె కొంటే షాపులోనే నీళ్ళు పోయించి కారట్లేదని తేలాకే డబ్బులిస్తాం. కొబ్బరికాయని కూడా చెవి దగ్గర పెట్టుకుని ఊపి కొనే జాతి మనది. మరి లక్ష రూపాయల వస్తువు దగ్గర ఆ బుద్ధంతా ఏమైపోయింది? ఏమీ అవలేదు. మనల్ని వంటింట్లోకి పంపేశారు కాబట్టి అదీ మనతో పాటు వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మే నెలొచ్చింది. విజయవాడ మే నెల సంగతి చెప్పక్కర్లేదు. కంప్యూటర్ మొరాయించడం మొదలెట్టింది. వీడియో పెట్టిన కాసేపటికే ఫ్యాన్లు విమానంలా రొద, పని మాత్రం నత్తనడక. వేడి 100 డిగ్రీలు చూపిస్తోందట. మా వాడు షాపుకి ఫోన్ చేస్తే "ఎండాకాలం కదా బ్రో, ఆ గదిలో ఏసీ పెట్టించుకో" అన్నారు. తండ్రీ కొడుకులు ఏసీల ధరలు వాకబు చేయడం మొదలెట్టారు. 35,000 అట. నేను అడిగిన ప్రశ్నకి 'నీకు అర్థం కాదు' అన్నవాళ్ళు, షాపువాడు చెప్పిన జవాబుని మారుమాట లేకుండా నమ్మేశారు చూడండి, అక్కడ నాకు మండింది.

నేను తెలుగు బీఏ. సైన్సు పదో తరగతితో సరి. కానీ వేడి గురించి నాకు తెలీదని ఎవరైనా అంటే ఒప్పుకోను. ఇరవై రెండేళ్ళుగా రోజుకి మూడు పూటలా నేను చేస్తున్న పనే అది.

మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు కూర్చుని చదివాను. ఈ కూలర్‌తో వచ్చిన కాగితం చూస్తే నవ్వొచ్చింది. అందులో భాషే లేదు, అన్నీ బొమ్మలు. దీనికి ఇంగ్లీషు మీడియం ఎందుకూ? పనిచేసే తీరు ఇంతే: ప్రాసెసర్ నెత్తిన ఒక రాగి రేకు ఆనుకుని కూర్చుంటుంది. దాని వెనకే చిన్న పంపు. రేకుకి ఎక్కిన వేడిని లోపలి ద్రవం పట్టుకుని, గొట్టంలోంచి రేడియేటర్‌కి మోసుకెళ్తుంది. కారు ముందు ఉండే రేడియేటర్ లాంటిదే, చిన్నది. దాని మీద ఫ్యాన్లు గాలి కొడితే వేడి బయటికి పోయి, చల్లారిన ద్రవం మళ్ళీ వెనక్కి వస్తుంది. బరువుకి బరువు చూసుకుంటే గాలి కంటే నీళ్ళు నాలుగింతలు వేడిని పట్టుకోగలవు, అందుకని నీళ్ళు. ఈ ప్రాసెసర్ గట్టిగా పనిచేస్తే 190 వాట్ల దాకా లాగుతుంది. పాతకాలం 60 వాట్ల బల్బులు మూడు ఒక బిస్కెట్టంత జాగాలో వెలుగుతున్నాయనుకోండి. ఆ వేడి పోయే దారి లేకపోతే, 100 డిగ్రీల దగ్గర అది కాలిపోకుండా తన వేగం తనే తగ్గించుకుంటుంది. మనం ఐ7 కి డబ్బు కట్టి, అంతకంటే చవక దాని పని చేయించుకుంటామన్నమాట.

ఇంకొకటి తెలిసింది. ఇది ఫ్రిజ్ కాదు. ఎంత ఖరీదైన కూలరైనా గది వేడి కంటే కిందికి చల్లార్చలేదు. గది 33 ఉంటే, ప్రాసెసర్ 33 కంటే ఎంత పైన ఉందన్నదే కూలర్ పనితనం. గోడకున్న థర్మామీటర్‌లో గది 33. ఏ పనీ లేకుండా ఉత్తినే ఉన్న ప్రాసెసర్ 61. మధ్యలో 28 డిగ్రీలు. ఎండాకాలం అనే సాకు ఆ 33 కి సరిపోతుంది. పైనున్న 28 కి ఎండాకాలం ఏం చేసింది?

అప్పుడు మా అమ్మాయిని పిలిచాను. మా వాడు పెళ్ళి షూటింగ్‌కని రెండు రోజులు తణుకు వెళ్ళాడు. ఇద్దరం తలుపేసుకుని కూర్చున్నాం. వేడినీ వేగాన్నీ చూపించే హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో, ప్రాసెసర్ చేత చాకిరీ చేయించే సినీబెంచ్ ఆర్23, రెండూ వాడి కంప్యూటర్లోనే ఉన్నాయి. పెట్టి వదిలేశాం. కొన్ని సెకన్లలోనే 100 కొట్టింది. వేగం జారిపోయింది. పది నిమిషాల తర్వాత వచ్చిన స్కోరు 15,800. పాలవాడి లెక్క రాసుకునే పద్దు పుస్తకంలోనే తారీకు వేసి అన్నీ రాసుకున్నాను.

అంత వేడెక్కినప్పుడు రేడియేటర్ దగ్గర చెయ్యి పెట్టి చూశాను. బయటికొచ్చే గాలి గదిలో గాలి లాగే ఉంది. నాకు అక్కడ తెలిసిపోయింది. మంట భగభగా మండుతుంటే పైనున్న గిన్నె చల్లగా ఉందంటే దానర్థమేమిటి? మంట గిన్నెకి తగలట్లేదు! పంపు మీద వేలు పెడితే సన్నగా అదురుతోంది, బయాస్‌లో దాని తిరుగుడు అంకె కూడా కనపడుతోంది. అంటే నీళ్ళు తిరుగుతున్నాయి. ఇక మిగిలింది రేకూ ప్రాసెసరూ ఆనుకునే చోటే.

స్విచ్ కట్టేసి, తీగ పీకేసి, కాసేపాగి, ఒంట్లో ఉండే స్టాటిక్ పోవడానికి క్యాబినెట్ ఇనుము ముట్టుకుని మొదలెట్టాం. మా అమ్మాయి టార్చ్ పట్టుకుంది, తర్వాత నేను టార్చ్ పట్టుకుని స్క్రూడ్రైవర్ దానికిచ్చాను. నాలుగు మూలలా నాలుగు స్క్రూలు. ఒకటి పూర్తిగా విప్పేసి రెండోదాని కెళ్ళకూడదు. ఎదురెదురు మూలలు పట్టుకుని కొంచెం కొంచెంగా వదులు చెయ్యాలి. బిగించేటప్పుడూ అంతే. జాడీకి వాసెన కట్టేటప్పుడు ఒక పక్కే లాగితే రెండో పక్క లేస్తుందే, అదే సూత్రం. పంపుని మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ పైకి తీశాం.

రేకు అడుగున పల్చటి ప్లాస్టిక్ పొర. దాని మీద ఇంగ్లీషులో 'రిమూవ్ బిఫోర్ ఇన్‌స్టలేషన్' అని రాసుంది. బిగించే ముందు తీసెయ్యమని.

తియ్యలేదు. ఫోన్లో మాట్లాడుతూ మర్చిపోయాడు. ఆ పొర మీదే పేస్టు పూసి బిగించేశాడు. నెలన్నర పాటు ఆ చిప్పు ప్లాస్టిక్ కవరు కప్పుకుని ఉడికింది. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని ఉన్నట్టు, ఐ7 ఉంది, రాగి ఉంది, నీళ్ళున్నాయి, ఫ్యాన్లున్నాయి, దీపాలు కూడా ఉన్నాయి. మా అమ్మాయి పడీ పడీ నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇంకో వారమాగితే ఆ ప్లాస్టిక్ ముక్క కోసం 35,000 పెట్టి ఏసీ కొనేవాళ్ళం. ఏసీ పెట్టినా తగ్గేది నాలుగైదు డిగ్రీలే, కరెంటు బిల్లు అదనం.

పొర పీకేశాం. పాత పేస్టుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, నూలు రాలని గుడ్డతో తుడిచాం. డబ్బాలో మిగిలిన గొట్టంలోంచి బఠాణీ గింజంత కొత్త పేస్టు. పేస్టెందుకంటే, నున్నగా కనిపించే రేకుకి కూడా కంటికి కనపడని గుంటలుంటాయి, వాటిలో గాలి చేరితే వేడి దాటదు. పేస్టు ఆ గుంటల్ని పూడుస్తుంది. కాబట్టి ఎక్కువ పూస్తే ఎక్కువ మంచిదేం కాదు, ఇదేం మొహానికి క్రీము కాదు. ఆ కుర్రాడు ఒకటి మాత్రం సరిగ్గానే చేశాడు, అదీ చెప్పాలి. రేడియేటర్‌ని క్యాబినెట్ పైకప్పుకి బిగించాడు. లోపల ఎక్కడో ఉండే కాస్త గాలి పైకి చేరుతుంది కాబట్టి, అన్నిటికంటే ఎత్తులో పంపు ఉండకూడదు. ఉంటే ఆ గాలి పంపులో దూరి గలగలలాడుతుంది, పంపు త్వరగా పోతుంది.

బిగించాక మళ్ళీ అదే పరీక్ష. గది అదే 33, అవే పది నిమిషాలు. లేకపోతే పోల్చడానికి అర్థం లేదు కదా. ఉత్తినే ఉన్నప్పుడు 39. పది నిమిషాల చాకిరీ తర్వాత 84. స్కోరు 22,400. ఇది పక్క తలుపు తీసి ఉంచినప్పటి మాట. తలుపు బిగించి మళ్ళీ చేస్తే 86 అయింది. అసలు లెక్క అదే, ఎవరూ కంప్యూటర్ని తలుపు తీసి వాడరు. రాత్రి గొట్టాల కింద టిష్యూ కాగితం పరిచి, పొద్దున లేచి చూశాం, చెమ్మ లేదు.

ఈ సంగతి మా వదినకి చెబితే, "నీకు పనీ పాటా లేదా? వంటా, గిన్నెలూ, అత్తగారి మందులూ చాలవా, ఇప్పుడు మెకానిక్ పని కూడా నెత్తినేసుకుంటావా? తెలీదని కూర్చుంటే వాళ్ళే చచ్చినట్టు చేసుకుంటారు" అంది. ఈ మాటని నేను తేలిగ్గా తీసెయ్యను. మనకి వచ్చిన ప్రతి విద్యా చివరికి మన మెడకే చుట్టుకోవడం మనందరం చూసిందే. కారు నడపడం నేర్చుకుంటే స్కూలు డ్యూటీ మనదే. బ్యాంకు పని నేర్చుకుంటే క్యూలు మనవే. తెలీదని కూర్చోవడం ఒక్కోసారి ఆడదానికున్న ఒకే ఒక్క సెలవు.

కానీ వదినా, ఈ సెలవుకి జీతం కోత ఉంది. నువ్వు తెలీదని కూర్చున్న చోట వాళ్ళే చేసుకుంటారు సరే, ఎలా చేసుకున్నారో చూశావుగా? డబ్బు నాది, నష్టం నాది, 'ఎండాకాలం కదా' అన్న జవాబు మాత్రం వాళ్ళది. నేను ప్రతి స్క్రూ బిగిస్తానని అనట్లేదు. బిగించినవాడు వెళ్ళేలోపు 'ఏదీ, చల్లారుతోందో లేదో చూపించు బాబూ' అనే మాట అడుగుతానంటున్నాను. పది నిమిషాల పని అది. ఆ రోజే అడిగుంటే ఈ వ్యాసమే లేదు.

ఇంకొకటి, ఇది మనలో మనకి. 'అయ్యో నాకేం తెలీదండీ, అవన్నీ మావారే చూసుకుంటారు' అని మనం ఎంత మురిపెంగా చెప్తామో గమనించారా? అదేదో నగ చూపించినట్టు చెప్తాం. నేనూ ఎన్నిసార్లో చెప్పాను. గేటెడ్ కమ్యూనిటీ నుంచి చీటీల గ్రూపు దాకా ఎక్కడ విన్నా ఇదే పాట. పక్కనే నిలబడి మన ఆడపిల్లలు వింటుంటారు. వాళ్ళు రేపు కంప్యూటర్ సైన్స్‌లో సీటు తెచ్చుకుంటారు, కంప్యూటర్ డబ్బా తలుపు తీయడానికి మాత్రం అన్నయ్య కోసం ఎదురు చూస్తారు. థర్మోకోల్ ఊడ్చిన పిల్లే ఈ రోజు నా కంటే శుభ్రంగా పేస్టు పెట్టింది. దాని చెయ్యి వణకలేదు, నాదే వణికింది.

అసలు ఈ కూలర్ అవసరమా అంటే, నా తీర్పు అడిగితే, కాదు. పేరు చివర 'కె' ఉన్న ప్రాసెసర్లకి డబ్బాలో కూలర్ రాదు, కాబట్టి ఏదో ఒకటి కొనాలి, అంతవరకూ నిజం. కానీ మూడు నాలుగు వేలలో వచ్చే మంచి గాలి కూలరు, అదే ఫ్యానూ రేకులూ ఉన్నది, మా వాడి పనికి సరిపోయేది. దాంట్లో పాడైతే ఫ్యాను పాడవుతుంది, కొత్త ఫ్యాను వేసుకుంటాం. దీంట్లో పంపు పోతే మొత్తం పారెయ్యాలి. లోపలి ద్రవం ఏళ్ళు గడిచేకొద్దీ గొట్టాల్లోంచి కొద్దికొద్దిగా ఆవిరవుతుంది, చాలావాటిలో మళ్ళీ పోసుకునే వీలు లేదు. వారంటీ కొన్నిటికి 3 ఏళ్ళు, కొన్నిటికి 5, 6. ఆరు వేలు ఎక్కువిచ్చింది ఆ దీపాలకే. ఈ మాట మా వాడితో అంటే రెండు రోజులు మాట్లాడలేదు. పర్లేదు. పద్దు పుస్తకం వాడి ముందు పెట్టాను. 15,800 మీద వేలు పెట్టి, 22,400 మీద వేలు పెట్టి, చాలాసేపు చూశాడు. "ఎవరు విప్పారు?" అన్నాడు. "చెల్లి" అన్నాను. ఈసారి ఏదైనా విప్పేటప్పుడు పిలవమన్నాడు దాన్ని. క్షమాపణ అనుకోవాలంటే అనుకోవచ్చు.

ఆ ప్లాస్టిక్ పొరని ఫోటో తీసి షాపుకి పంపి, ఫోన్ చేశాను. బిగింపు కూలి 800 వెనక్కి ఇమ్మన్నాను. అవతల మనిషి మర్యాదగానే మాట్లాడాడు.

"మేడమ్, సార్‌ని ఒకసారి ఫోన్ చెయ్యమనండి. టెక్నికల్ విషయం కదా, సార్‌తో మాట్లాడతాం."

"సార్‌కి 84 డిగ్రీలు అంటే ఎవరికో జ్వరమొచ్చింది అనుకుంటారు బాబూ. ముందు ఎంత, తర్వాత ఎంత, గది వేడి ఎంత, అన్నీ నా దగ్గర రాసి ఉన్నాయి. రాసుకుంటారా, చెప్పనా?" అన్నాను.

రెండు నిమిషాలు ఏం మాట్లాడలేదు. "సారీ మేడమ్, పంపిస్తాం" అన్నాడు.

మర్నాడు సాయంత్రం 800 వచ్చాయి. మావారి నంబరుకి. ఆయన అన్నం తింటుండగా వసూలు చేశాను.